బైయూ సీమలో ఆర్‌వీ పార్కు ఎంపిక

ఆర్‌వీ అంటే చక్రాల మీద నడిచే ఇల్లు. రిక్రియేషనల్ వెహికల్ అన్న అమెరికన్ మాటకు పొట్టి పేరు. పడక, పొయ్యి, మరుగుదొడ్డి, ఏసీ అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని నిలుపుకుని కరెంటు తీగ, నీళ్ల పైపు, మురుగు గొట్టం తగిలించుకునే చోటు ఆర్‌వీ పార్కు. అరిజోనా ఎడారిలోనో కొలరాడో కొండల్లోనో అయితే కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూసుకుని పార్కును ఎంచుకున్నా చాలావరకు సరిపోతుంది. అమెరికా దక్షిణపు అంచున, లూసియానా రాష్ట్రంలోని బైయూ సీమలో ఆ లెక్క పనికిరాదు. అక్కడ నీళ్లు పైనుంచి పడతాయి, కిందనుంచి ఊరతాయి, మిగిలినవి గాలిలోనే ఉంటాయి. ఆ నీళ్లను ఒక పార్కు ఎంత దూరంలో ఉంచగలుగుతోందన్నదే అసలు పరీక్ష. ఈతకొలను, వైఫై, పిల్లల జారుడుబల్ల ఆ తర్వాతి సంగతులు.

బైయూ అనే మాట చొక్తా జాతి ప్రజల ‘బయుక్’ నుంచి ఫ్రెంచివారి నోటి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. చిన్న ఏరని అర్థం. పారుతోందో నిలిచిందో తెలియనంత మెల్లగా కదిలే పాయ అది. సముద్రానికి దగ్గరైతే ఆటుపోట్లకు వెనక్కి కూడా పారుతుంది. మిసిసిపీ నది వేల ఏళ్లపాటు దారులు మార్చుకుంటూ పోసిన ఒండ్రు మీద ఈ పాయలు అల్లుకున్నాయి. నోవా స్కోషియా నుంచి 1755లో బ్రిటిషువారు వెళ్లగొట్టిన ఫ్రెంచి రైతుల సంతతి, కేజన్లు, ఈ ఏటిగట్ల మీదే ఊళ్లు కట్టుకున్నారు. కోనసీమ లంకలు, మురుగు కాలువలు చూసినవారికి ఈ దృశ్యం మరీ కొత్తగా తోచదు. మన కాలువల్ని పట్టి పీడించే గుర్రపుడెక్క అక్కడా ఉంది. 1884లో న్యూ ఓర్లీన్స్‌లో జరిగిన పత్తి ప్రదర్శన నుంచే అది అక్కడ వ్యాపించిందని చెబుతారు. తేడా వానలో ఉంది. న్యూ ఓర్లీన్స్‌లో ఏడాదికి సుమారు 63 అంగుళాలు, అంటే 1,600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. గోదావరి డెల్టాలో పడేదానికన్నా ఇది ఎక్కువ. పైగా మనకు వానాకాలమని ఒకటుంది. అక్కడ వాన లేని కాలమంటూ లేదు.

నేల

ఏటికి ఎంత దూరముంటే అంత క్షేమమని ఎవరికైనా అనిపిస్తుంది. బైయూ సీమలో చాలాచోట్ల ఇది తలకిందులు. ఏరు పొంగి ఒడ్డు దాటగానే వేగం తగ్గి, బరువైన ఇసుకను, ముతక ఒండ్రును అక్కడే దింపేస్తుంది. సన్నని బంకమట్టి మాత్రం దూరం వెళ్లి, నీళ్లు నిలిచే పల్లంలో పేరుకుంటుంది. వేల పొంగుల తర్వాత ఏటి ఒడ్డు మిట్టగా, దాని వెనక నేల బాడవగా తయారవుతుంది. ఎవరూ కట్టని ఈ కరకట్టే ఇక్కడి మెట్టనేల. బైయూ లఫూర్ష్ వెంబడి ఇళ్లు, చర్చిలు, దుకాణాలు రెండు ఒడ్లనూ పట్టుకుని మైళ్ల కొద్దీ బారుగా సాగడానికి కారణం ఇదే. ప్రపంచంలో అతి పొడవైన వీధి అని దానికి ముద్దుపేరు. ఫ్రెంచి కాలంలో పొలాలు కూడా ఏటి ఒడ్డున సన్నగా మొదలై వెనక చిత్తడి దాకా రిబ్బన్లలా సాగేలా పంచుకున్నారు, ప్రతి కుటుంబానికీ కాస్త మెట్ట దక్కాలని.

అందుకని పాత రోడ్డును, ఏటిగట్టును ఆనుకుని ఉన్న పార్కుకు సాధారణంగా మంచి నేల దొరికి ఉంటుంది. ఒకే పార్కులో కూడా ముందు వరుసకూ వెనక వరుసకూ రెండు మూడు అడుగుల తేడా ఉండొచ్చు. వెనక వరుసలు ప్రశాంతంగా, చెట్ల పక్కన, కొన్నిసార్లు చవకగా దొరుకుతాయి. రెండు గంటలు కుండపోతగా కురిస్తే నీళ్లు చేరేది కూడా అక్కడికే. సైటు నంబరు తీసుకునేముందు ఉపగ్రహ చిత్రంలో మురుగు కాలువ ఎటు వాలుతోందో చూసుకోవడం, ‘గట్టి వాన పడితే ఏ వరుస ముందు మునుగుతుంది?’ అని ఫోనులోనే అడగడం మంచిది. ‘మా దగ్గర ఎక్కడా నీళ్లు నిలవవు’ అనే మేనేజరుకన్నా, ‘పదిహేడు నుంచి ఇరవై దాకా వద్దు’ అనే మేనేజరును నమ్మవచ్చు.

దక్షిణ లూసియానాలో తవ్వితే రాయి దొరకదు. రోడ్డుకు, సైటుకు పరిచే సున్నపురాతి కంకర బార్జిల మీద వేరే రాష్ట్రాల నుంచి రావలసిందే. పూర్వం దాని బదులు పాంచట్రేన్ సరస్సు అడుగున తోడిన గవ్వలూ చిప్పలూ పరిచేవారు. 1990లో ఆ తవ్వకం ఆపేశారు. పాత పార్కుల్లో తెల్లని చిప్పల దారులు ఇప్పటికీ అక్కడక్కడ కనిపిస్తాయి. కంకరైనా కాంక్రీటైనా దళసరిగా వేయడం ఖర్చుతో కూడిన పని కనుక, పార్కు యజమాని ఎంత ఖర్చుపెట్టాడో నేలే చెబుతుంది. ఐదు టన్నులు దాటిన పెద్ద ట్రైలరును వానకు నానిన గడ్డి మీద నిలిపితే తెల్లారేసరికి ఒక వైపు చక్రం దిగబడి, ఫ్రిజ్ తలుపు దానంతటదే తెరుచుకుంటూ ఉంటుంది. కాంక్రీటు సైటుకు రోజుకు కొంత ఎక్కువ అడిగినా అది వృథా ఖర్చు కాదు. కంకర సైటైతే జాకీల కింద పెట్టడానికి వెడల్పాటి చెక్కలు వెంట ఉండాలి.

ముంపు సంగతి తెలుసుకోవడానికి అమెరికా ప్రభుత్వ విపత్తు సంస్థ ఫెమా విడుదల చేసే వరద పటాలు ఎవరైనా చూడవచ్చు. ఏ, ఏఈ, వీ అక్షరాలతో గుర్తించిన మండలాల్లో ఏడాదికి నూటికి ఒక వంతు ముంపు అవకాశం ఉంటుంది. వీ మండలంలో దానికి అలల దెబ్బ కూడా తోడవుతుంది. వరద బీమా పథకంలో చేరిన ఊళ్లలో ఆర్‌వీలకు ఒక నియమముంది. ఇలాంటి మండలంలో బండి వరసగా 180 రోజులకు లోపే ఉండాలి, లేదా లైసెన్సుతో, చక్రాల మీద, హైవే ఎక్కడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. రెండూ కాకపోతే ఇంటికి వర్తించే ఎత్తు నియమాలు దానికీ వర్తిస్తాయి. మెట్లు, వరండా కట్టేసి, చక్రాలు ఊడదీసి ఉన్న బండ్ల వరుస కనిపిస్తే ఆ పార్కు ఈ నియమాన్ని ఎంత పట్టించుకుంటోందో అక్కడే తెలిసిపోతుంది.

కరెంటు, ఉక్కపోత

వేసవిలో న్యూ ఓర్లీన్స్ ఎండ సాధారణంగా 33 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉంటుంది. రామగుండం, నల్గొండ ఎండలు చూసినవారు ఈ అంకెను లెక్కచేయరు. ఇక్కడ చూడాల్సిన అంకె వేరు. గాలిలోని ఆవిరి ఏ ఉష్ణోగ్రత వద్ద నీటి బొట్లుగా మారుతుందో దాన్ని తుషార స్థానం అంటారు. బైయూ సీమలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది తరచుగా 24 డిగ్రీల చుట్టూ ఉంటుంది. రాత్రి కూడా గాలి అంతకు మించి చల్లబడదు, చెమట ఆరదు. తెలంగాణ, రాయలసీమ ఇళ్లలో వేసవంతా ఆదుకునే ఎయిర్ కూలరు విశాఖలో ఎందుకు చతికిలబడుతుందో తెలిసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. తేమ నిండిన గాలిలోకి ఇంకాస్త తేమ ఊదితే ఉక్కపోతే మిగులుతుంది. ఇక్కడ ఆర్‌వీని నివాసయోగ్యంగా ఉంచేది ఏసీ ఒక్కటే, ఆ ఏసీని నడిపేది పార్కు కరెంటు స్తంభం.

ఆ పొట్టి స్తంభాన్ని పెడెస్టల్ అంటారు. దానిలో సాధారణంగా 20, 30, 50 ఆంపియర్ల ప్లగ్గులుంటాయి. ముప్పై ఆంపియర్ల ప్లగ్గు 120 వోల్టుల వద్ద 3,600 వాట్లు ఇస్తుంది. యాభై ఆంపియర్లది రెండు 120 వోల్టుల తీగలతో వస్తుంది కనుక దాని శక్తి 6,000 కాదు, 12,000 వాట్లు. పేర్లను బట్టి ఇంత తేడా ఉంటుందని కొత్తవారు ఊహించరు. ఆర్‌వీ పైకప్పు ఏసీ 13,500 లేదా 15,000 బీటీయూలు ఉంటుంది, అంటే మన లెక్కలో టన్ను పైచిలుకు నుంచి టన్నుంపావు. ముప్పై ఆంపియర్ల మీద ఒక ఏసీ నడుస్తుంది. ఏసీ తిరుగుతుండగా మైక్రోవేవ్, వాటర్ హీటర్ కలిపి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. రెండు ఏసీలున్న పెద్ద బండికి యాభై ఆంపియర్ల సైటు తప్పనిసరి. అద్దెకిచ్చే సీ క్లాసు (మధ్యరకం) మోటార్ హోములు ఎక్కువగా ముప్పై ఆంపియర్లవే. పొడవాటి బండిలో ఆరుగురు కుటుంబ సభ్యులను ఆ ఒక్క ఏసీ జూలై మధ్యాహ్నం చల్లబరచలేదు.

ప్లగ్గు మీద రాసి ఉన్న అంకె సాయంత్రం ఆరింటికి కూడా నిజమా కాదా అన్నది మరో ప్రశ్న. పాత పార్కుల్లో అన్ని బండ్ల ఏసీలూ ఒకేసారి తిరిగేవేళ వోల్టేజీ దిగిపోతుంది. వేసవిలో లో వోల్టేజీకి మోటార్లు కాలిపోవడం చూసిన పల్లెవాసులకు ఈ కష్టం తెలుసు. 120 ఉండాల్సిన చోట 104 కంటే దిగితే ఏసీ కంప్రెసరుకు చేటు. హద్దు దాటగానే కరెంటును కత్తిరించే రక్షణ పరికరం ఒకటి పెడెస్టలుకూ బండికీ మధ్య పెట్టుకుంటారు. పార్కు కొత్తదా పాతదా అనేకన్నా, తీగలు ఎప్పుడు మార్చారని అడగడం మేలు.

లోపలి తేమ మరో కథ. నిద్రలో నలుగురు విడిచే ఊపిరి, స్నానం, అన్నం వార్చిన ఆవిరి ఆ చిన్న గదిలోనే ఉండిపోతాయి. ప్రొపేన్ పొయ్యి మండినప్పుడు కూడా నీటి ఆవిరే పుడుతుంది. పరుపు కింద, అలమర మూలల్లో, కిటికీ రబ్బర్ల వెంట బూజు మొదలవుతుంది. లోపలి తేమను 60 శాతానికి తక్కువగా ఉంచమని అమెరికా పర్యావరణ సంస్థ సలహా. అవసరానికి మించిన పెద్ద ఏసీ గదిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది, గాలిలోని తేమను లాగేంతసేపు తిరగదు. అందుకే వారానికి మించి ఉండేవారు చిన్న డీహ్యూమిడిఫయర్ ఒకటి తెచ్చుకుంటారు. రోజుకు చిన్న బకెట్టెడు నీళ్లు పారబోయడం అలవాటవుతుంది.

తేమ, వేడి కలిస్తే బండి గోడలే ఏం చేయగలవో 2005 ఆగస్టు 29న కత్రీనా తుఫాను తీరం దాటిన తర్వాత దేశమంతటికీ తెలిసింది. ఇళ్లు పోయినవారికి ఫెమా లక్షకు పైగా ట్రైలర్లను, మొబైల్ హోములను ఇచ్చింది. వాటిలో ఉన్నవారికి కళ్ల మంటలు, దగ్గు, తలనొప్పి మొదలయ్యాయి. ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు జిగురులోంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ కారణమని తేలింది. ఉష్ణోగ్రత, తేమ పెరిగిన కొద్దీ ఆ వాయువు ఎక్కువగా బయటికొస్తుంది. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 519 బండ్లను పరీక్షించి 2008 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించి, ఎండలు ముదిరేలోగా వాటిలో ఉన్నవారిని వేరేచోటికి మార్చమంది. కలప పలకల మీద ఆ తర్వాత కఠినమైన ప్రమాణాలు వచ్చాయి. అయినా కొత్త బండిని మూసి ఉంచిన వాసనతోనే వాడొద్దనే జాగ్రత్త ఈ సీమలో ఇప్పటికీ చెల్లుతుంది.

నీళ్లు, మురుగు, నీడ

కుళాయి, కరెంటు, మురుగు మూడూ ఉన్న సైటును ఫుల్ హుకప్ అంటారు. భూగర్భ జలం గడ్డి వేళ్లకు అందేంత పైన ఉన్న నేలలో మామూలు సెప్టిక్ ట్యాంకు సరిగా ఇంకదు. బాగా నడిచే పార్కులు ఊరి మురుగు లైనుకు కలుపుకుంటాయి, లేదా సొంత శుద్ధి ప్లాంటు పెట్టుకుంటాయి. ఆ రెండూ లేని చోట పెద్దవాన తర్వాత మురుగు గొట్టం మూతి నుంచి నీళ్లు ఎదురు తన్నుతాయి. స్నానపు నీళ్ల ట్యాంకు వాల్వును ఎప్పుడూ తెరిచి ఉంచే అలవాటు ఇలాంటిచోట మంచిది కాదు. నిండాక వదలడమే మేలు. వాసన ఒకటే నమ్మదగిన సాక్షి కనుక వీలైతే వాన వెలిసిన మర్నాడు ఒకసారి పార్కు చుట్టి రావాలి. తాగునీటికి వడపోత గొట్టం, పీడనాన్ని అదుపుచేసే చిన్న ఇత్తడి వాల్వు చాలు. తుఫానుల తర్వాత నీళ్లు మరిగించి తాగమనే ప్రకటనలు మామూలే.

నీడ దగ్గర తూకం కష్టం. చెట్టు కింద నిలిపిన బండిలో ఏసీకి సగం భారం తగ్గినట్టుంటుంది. అదే నీడలో నేల ఆరదు, దోమ వదలదు, పైకప్పు మీద పాచి పడుతుంది. ఏ చెట్టన్నది కూడా చూడాలి. లైవ్ ఓక్ అడ్డంగా విస్తరించే గట్టి చెట్టు, వందల ఏళ్లు బతుకుతుంది. వాటర్ ఓక్ త్వరగా పెరిగి, లోపల గుల్లబారి, గాలికి కొమ్మలు విరుచుకుంటుంది. రెండూ ఓక్‌లే, రెంటికీ స్పానిష్ మాస్ జడలు వేలాడుతుంటాయి, ఫొటోలో రెండూ అందంగానే ఉంటాయి. పొద్దున ఎండ తగిలి, మధ్యాహ్నం రెండు దాటాక నీడ పడే సైటు దొరికితే మరేమీ చూడకుండా తీసుకోవచ్చు.

దోమ నుంచి మొసలి దాకా

కొత్తవారు మొసలికి భయపడతారు. నిజంగా పోరు పెట్టేవి చిన్న ప్రాణులు. పొద్దు వాలేవేళ దోమలు, తీరం దగ్గర కంటికి ఆనని సన్నని కుట్టే ఈగలు. వీటిని అక్కడివారు ‘నో-సీ-అమ్’ అంటారు, చూద్దామంటే కనబడవని. మామూలు కిటికీ జాలీలోంచి ఇవి దూరిపోతాయి. మరింత సన్నని జాలీ కావాలి. వెస్ట్ నైల్ వైరస్ 2002లో లూసియానాను గట్టిగా తాకింది. అప్పటి నుంచి దోమల మందు చల్లడం పారిష్‌ల (మన జిల్లాల వంటివి) పెద్ద బాధ్యతల్లో ఒకటైంది. పార్కు ఉన్న పారిష్ ఎప్పుడెప్పుడు చల్లుతుందో కనుక్కోవచ్చు. చెంబులు, టైర్లు, పూలకుండీల అడుగులు నీళ్లతో నిండి పడి ఉన్న పార్కుకు ఏ మందూ సాయపడదు.

దక్షిణ అమెరికా నుంచి 1930ల్లో అలబామాలోని మొబీల్ రేవు మీదుగా దిగిన నిప్పు చీమలు మరో బెడద. వీటికి విద్యుత్ పరికరాలంటే వింత మోజు. పెడెస్టల్ డబ్బా మూత తీసి ప్లగ్గు పెట్టబోయే చేతికి కుట్టేది ఇవే. కుట్టిన చోట మర్నాటికి చీముపొక్కు లేస్తుంది. అందుకని ముందు మూత తీసి, లైటు వేసి చూసి, ఆ తర్వాతే చేయి పెట్టాలి. మే, సెప్టెంబరు నెలల్లో జంటలుగా ఎగిరే లవ్ బగ్స్ బండి ముందు అద్దాన్ని కప్పేస్తాయి. కడిగే సదుపాయం ఉన్న పార్కు విలువ అప్పుడు తెలుస్తుంది. చాలా పార్కులు సైటులో బండి కడగనివ్వవు.

ఇక ఆలిగేటర్ జాతి మొసళ్లు. లూసియానాలో అడవి మొసళ్లు సుమారు 20 లక్షలని రాష్ట్ర వన్యప్రాణి శాఖ అంచనా. 1962లో వేట ఆపి, సంఖ్య కోలుకున్నాక 1972 నుంచి నియమిత వేటను మళ్లీ అనుమతించారు. మనిషిని చూసి అవి తప్పుకుంటాయి, ఎవరైనా తిండి పడేసి అలవాటు చేస్తే తప్ప. అందుకే వాటిని మేపకూడదు. చెరువు ఒడ్డున పిల్లలు రొట్టెముక్కలు విసురుతుంటే చూసీ చూడనట్టుండే పార్కులో కుక్కపిల్లతో దిగడం తెలివైన పని కాదు.

ఏ నెలలో

ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్లీ అక్టోబరు మధ్య నుంచి నవంబరు దాకా మంచి కాలం. వసంతంలో క్రాఫిష్ (మంచినీటి ఎర్ర రొయ్య లాంటి జీవి) పట్టు జోరుగా ఉంటుంది. వరి కోసిన మడుల్లోనే నీళ్లు పెట్టి దాన్ని పెంచుతారు, క్రౌలీ చుట్టుపక్కల వరి, క్రాఫిష్ వంతులవారీగా సాగుతాయి. మార్డీ గ్రా పండగ వారంలో సైట్ల ధరలు ఆకాశాన్నంటుతాయి. ఉత్తరాది చలి నుంచి తప్పించుకు వచ్చే వృద్ధ దంపతులు చలికాలమంతా కొన్ని పార్కుల్ని నింపేస్తారు. శరదృతువులో బైయూ టెష్ వెంబడి చెరకు కోతలు. లారీలు రోడ్డుమీద ఈడ్చుకొచ్చిన బురద, ఆకు తగలబెట్టిన పొగ డిసెంబరు దాకా ఉంటాయి. అనకాపల్లి దారుల్లో తిరిగినవారికి ఇబ్బంది అనిపించదేమో గానీ ఉబ్బసం ఉన్నవారు ఆ నెలల్లో టెష్ గట్టును తప్పించుకోవడం మంచిది. చిత్తడి మీది వంతెనల వద్ద తెల్లవారుజామున పొగమంచు దట్టం. 2023 అక్టోబరు 23న మాన్షాక్ దగ్గర మంచు, చిత్తడిలో రగిలిన పొగ కలిసి 150కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. బయల్దేరే వేళను పదింటికి పెట్టుకుంటే పోయేదేమీ లేదు.

తుఫాను, బయటికి దారి

అట్లాంటిక్ తుఫాను కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. 2020 ఆగస్టు 27న లారా కామెరాన్ దగ్గర, మరుసటి ఏడాది 2021 ఆగస్టు 29న ఐడా పోర్ట్ ఫూర్షాన్ దగ్గర తీరం దాటాయి. రెండూ గంటకు 150 మైళ్ల గాలులతోనే వచ్చాయి. ఐడా తర్వాత టెరిబోన్, లఫూర్ష్ పారిష్‌లలో వారాలపాటు కరెంటు లేదు. ఆర్‌వీ ఇలాంటి గాలికి నిలబడే వస్తువు కాదు. దాని బలమంతా ముందే వెళ్లిపోగలగడంలో ఉంది. కనుక పార్కును చూసేటప్పుడు అక్కడినుంచి బయటపడే దారిని కూడా పార్కులో భాగంగానే లెక్కించాలి.

గ్రాండ్ ఐల్‌ను తీసుకుంటే, లూసియానాలో జనం కాపురముంటున్న ఏకైక అవరోధ ద్వీపమది. వెళ్లడానికీ రావడానికీ 1వ నంబరు రాష్ట్ర రోడ్డు ఒక్కటే. సముద్రపు చేపల వేటకు, పక్షులకు అంతకు మించిన చోటు లేదు. వసంతంలో వలస పక్షులు గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాటి వచ్చి వాలే మొదటి చెట్లు అక్కడివే. అయినా ఆగస్టులో అక్కడ పెద్ద ట్రైలరుతో దిగినవారు వాతావరణ హెచ్చరికను రోజుకు రెండుసార్లు చూడక తప్పదు. టెరిబోన్ అన్న పేరుకు ఫ్రెంచిలో మంచి నేల అని అర్థం. ఆ మంచి నేల అంచులు ఏటా సముద్రంలో కలిసిపోతున్నాయి. 1932 నుంచి 2016 లోపు లూసియానా తీరం కోల్పోయిన నేల సుమారు 4,800 చదరపు కిలోమీటర్లని అమెరికా భూవిజ్ఞాన సర్వే లెక్క. పాత పటంలో చిత్తడిగా చూపిన చోట ఇప్పుడు ఉత్త నీళ్లే ఉండొచ్చు.

లఫాయెట్ చుట్టుపక్కల ఉన్న పార్కులకు ఈ విషయంలో మేలు. అక్కడినుంచి 49వ నంబరు ఇంటర్‌స్టేట్ నేరుగా ఉత్తరానికి పోతుంది. ఆ ఊరికి తూర్పున అచాఫలాయా బేసిన్, దేశంలోకెల్లా పెద్ద నదీ చిత్తడి. 1963 నుంచి ఓల్డ్ రివర్ కట్టడాల ద్వారా మిసిసిపీ, రెడ్ నదుల మొత్తం నీటిలో 30 శాతాన్ని ఇందులోకి వదులుతున్నారు. ఇక్కడి పొంగు స్థానిక వానను బట్టి రాదు. ఎక్కడో ఉత్తరాన కరిగిన మంచు ఏప్రిల్, మే నెలల్లో దిగివస్తుంది. 1973లోనూ 2011లోనూ మోర్గాంజా గేట్లు తెరిచి అదనపు నీటిని ఇటు మళ్లించారు. కరకట్టల లోపల ఉన్న క్యాంపుకూ వెలుపల ఉన్నదానికీ తేడా అప్పుడు తెలుస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండగానే లోపలి క్యాంపు మునగవచ్చు. బేసిన్ మీదుగా పోయే 10వ నంబరు ఇంటర్‌స్టేట్ వంతెన 18 మైళ్లు. ఈదురుగాలిలో ఎత్తైన బండితో దాని మీద కుడి వరుస వదలకూడదు.

ఎలాంటి పార్కు

ప్రభుత్వ పార్కుల్లో సైట్లు విశాలంగా, చెట్ల మధ్య ఉంటాయి. చాలావాటిలో కరెంటు, నీళ్లు సైటులోనే ఇస్తారు, మురుగు మాత్రం బయటికెళ్లేదారిలో ఉన్న డంప్ స్టేషనులో వదలాలి. ఉండే రోజులకు పరిమితి ఉంటుంది. ప్రైవేటు రిసార్టుల్లో ఫుల్ హుకప్పు, కాంక్రీటు, ఈతకొలను ఉంటాయి, పక్క బండివారి టీవీ కూడా వినపడుతుంది. కొన్ని రిసార్టులు పదేళ్లు దాటిన బండ్లను రానివ్వవు. మూడో రకం నెలవారీ పార్కులు. లేక్ చార్లెస్ గ్యాస్ టెర్మినళ్లు, మోర్గన్ సిటీ ఓడల యార్డుల పనివారు వీటిలో నెలలతరబడి ఉంటారు. తెల్లవారుజామున నాలుగింటికే డీజిల్ పికప్పులు కదులుతాయి. విహారానికి వచ్చినవారికి అది సరిపడదు గానీ, కరెంటు, మురుగు ఎలా పనిచేస్తున్నాయో నిజం తెలియాలంటే ఇక్కడి అద్దెదారులను అడగడమే మంచిది. గుడ్ సామ్ వంటి సంస్థలు సదుపాయాలకు, స్నానగదుల శుభ్రతకు, చూపుకు విడివిడిగా మార్కులిస్తాయి. మూడింటిలో మధ్య అంకెనే ఎక్కువగా నమ్మాలి. తేమ సీమలో స్నానగదిని శుభ్రంగా ఉంచగలిగినవారు మిగతావీ చూసుకుంటారు.

న్యూ ఓర్లీన్స్‌కు పక్కనే, వెస్ట్‌వీగోలో బైయూ సెగ్నెట్ స్టేట్ పార్కు ఉంది. నగరం చూడాలి, చిత్తడి కూడా చూడాలి అనుకునేవారికి అది అనువు. దగ్గరలోని బరటారియా జాతీయ ప్రిజర్వులో పగలు చెక్కబాటల మీద నడవొచ్చు, రాత్రి బస చేయనివ్వరు. పాంచట్రేన్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఫాంటెన్‌బ్లో, 1829లో బెర్నార్ ద మారిన్యీ కట్టించిన చక్కెర మిల్లు శిథిలాలతో, లైవ్ ఓక్ చెట్ల సాలుతో ఉంటుంది. గాలి తగిలే ఒడ్డు కనుక ఉక్క కాస్త తక్కువ. అబ్బెవిల్ దగ్గర వెర్మిలియన్ నది పక్కన పాల్మెట్టో ఐలండ్, బేసిన్ కరకట్ట పక్కన లేక్ ఫోస్ పాయింట్ పడవ నడిపేవారికి ఇష్టమైనవి. మొదటిసారి వచ్చే కుటుంబానికి మాత్రం విల్ ప్లాట్ దగ్గరి షీకో మేలనిపిస్తుంది. 6,400 ఎకరాల పార్కు, సైప్రస్ చెట్లు నీళ్లలో నిలబడ్డ సరస్సు ఉంది. నేల మాత్రం ఎత్తుపల్లాలతో ఉన్న మెట్ట. బైయూ అందం దక్కుతుంది, చక్రాలు దిగబడవు.

టెక్సస్‌లో తెలుగువారు ఎక్కువగా ఉన్న రెండు నగరాల నుంచీ ఈ సీమ ఒక్క రోజు ప్రయాణమే. హ్యూస్టన్ నుంచి లఫాయెట్ సుమారు 215 మైళ్లు. డల్లాస్ వారికి అంత దూరం కూడా అక్కర్లేదు, మూడు గంటల్లో టెక్సస్, లూసియానా సరిహద్దులో క్యాడో సరస్సు వస్తుంది. దాని ఒడ్డున అన్‌సర్టెన్ అనే ఊరుంది, అనిశ్చితం అని అర్థం. అక్కడి స్టేట్ పార్కు 1930ల నిరుద్యోగ పథకంలో యువకులు కట్టినది. పాత సైట్లు చిన్నవి, పెద్ద బండ్లకు తగిన సైటు పొడవు చూసుకునే బుక్ చేసుకోవాలి.

పార్కుల దగ్గర రొయ్యలు, క్రాఫిష్ అమ్మే దుకాణాల్లో, హోటళ్లలో ఒక బోర్డు కనిపించవచ్చు. బయటి దేశాల నుంచి వచ్చిన రొయ్యలైతే ఆ సంగతి భోజనానికి వచ్చినవారికి చెప్పాలని 2019లో లూసియానా చట్టం చేసింది. చవక దిగుమతుల వల్ల బైయూ పడవలు ఒడ్డున పడ్డాయని అక్కడి జాలర్ల గోడు. అమెరికాకు ఏళ్లుగా అందరికన్నా ఎక్కువగా రొయ్యలు పంపుతూ వచ్చింది భారతదేశం, దేశంలో అందరికన్నా ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశ్. భీమవరం చెరువు నుంచి బయల్దేరిన రొయ్య బైయూ ఒడ్డున ఆ బోర్డు కింద తేలడం వింతేమీ కాదు.